చదివించడం అంటే ఏమిటి? – కాబోయే ఉపాధ్యాయులతో కొన్ని మాటలు

ఏటా ఆగస్టు 29న మన బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. గిడుగు వెంకట రామమూర్తి గారి ఫొటో బల్ల మీద పెట్టి దండ వేస్తాం. పిల్లల చేత పద్యాలు చెప్పిస్తాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి నాలుగు మాటలు చెబుతాం. విశాఖపట్నంలో చేస్తాం, పాడేరులో చేస్తాం, ముంచంగిపుట్టులోనూ చేస్తాం. కొండమీది బడుల్లో దండ వేయడానికి ముందుకొచ్చే పిల్లల్లో ఇంట్లో కువి మాట్లాడేవాళ్ళు ఉంటారు, ఆదివాసీ ఒరియా మాట్లాడేవాళ్ళు ఉంటారు. తెలుగు కోసం నిలబడిన ఆ పెద్దాయన అంతకు ముందే సవర నేర్చుకున్నారన్న సంగతి మాత్రం ఆ సభల్లో ఒక్క వాక్యంతో దాటిపోతుంది.

ఆ ఒక్క వాక్యం దగ్గర మనం కాసేపు ఆగాలి. డైట్‌లో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, డీఎస్సీకి చదువుకుంటున్నవాళ్ళు, మాలాగా ఇప్పటికే బడుల్లో పనిచేస్తున్నవాళ్ళు కలిసి ఆలోచించవలసిన ప్రశ్న ఒకటి అక్కడ ఉంది. అర్థం కాని మాటల్ని ఒక పిల్లవాడి చేత గట్టిగా, తప్పు లేకుండా పలికించి, దానికి చదువు అని పేరు పెట్టే హక్కు మనకు ఉందా? ఇది బోధనా పద్ధతుల ప్రశ్నలాగా కనిపిస్తుంది. కానీ మా లెక్కలో ఇది ముందుగా న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

ముందు నేర్చుకున్న గురువు

గిడుగు వారు 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల మాట ఆయన చెవిన పడింది, అర్థం కాలేదు. అర్థం కాకపోవడం సవరల లోపమని ఆయన అనుకోలేదు. తాను నేర్చుకోవాలి అనుకున్నారు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, అడిగి, విని, రాసుకుని నేర్చుకున్నారు. సవరల పాటలు, కథలు సేకరించారు. సవర పిల్లల కోసం వాచకాలు తయారుచేశారు, బడులు పెట్టించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అంటే యవ్వనంలో మొదలుపెట్టిన పనిని ముసలితనం దాకా వదల్లేదు.

తెలుగు వాచకాల గొడవ మొదలైంది ఆయన సవర నేర్చుకున్న తరవాతే. 1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఇక్కడి బడులను తనిఖీ చేసే అధికారిగా వచ్చాడు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివే తెలుగు ఇంకొకటి ఎందుకున్నాయన్న ప్రశ్న అతనికి వచ్చింది. ఆ ప్రశ్న దగ్గర నలుగురూ కలిశారు. విజయనగరం నుంచి గురజాడ అప్పారావు గారు, పర్లాకిమిడి నుంచి గిడుగు వారు, విశాఖపట్నం నుంచి ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు. గిడుగు వారు 1913లో ఆధునిక తెలుగు మీద విజ్ఞాపన రాశారు. గురజాడ వారు 1914లో తన అసమ్మతి పత్రం ఇచ్చారు. వెంటనే గెలవలేదు. పిల్లల పుస్తకాల్లోకి వాడుక తెలుగు రావడానికి దశాబ్దాలు పట్టింది.

వాళ్ళ వాదనలో భాషాశాస్త్రం చాలా ఉంది. దాని అడుగున ఉన్నది చిన్న మాట. పిల్లవాడు తన నోట్లో ఉన్న మాటను పుస్తకంలో చూసుకోవాలి. అప్పుడే పుస్తకం తనతో మాట్లాడుతోందని వాడికి తెలుస్తుంది. ఈ న్యాయం తెలుగు పిల్లలకు దక్కింది. మంచిదే. కానీ ఆ న్యాయం ఘాట్ రోడ్డు ఎక్కడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

ఎక్కలేదని అనలేం. రాజ్యాంగంలో 350ఏ అధికరణ 1956 నుంచి ఉంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించమని అది చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో బహుభాషా విద్య మొదలైంది. సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒరియా, గోండి, కొలామి, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. వాటికోసం ఆదివాసీ ఉపాధ్యాయులు, ఊరి పెద్దలు కూర్చుని కథలు, పాటలు, పొడుపుకథలు పోగుచేశారు. పిల్లవాడు మొదట తన భాషలో చదవాలి, మెల్లగా తెలుగులోకి, ఆపైన ఇంగ్లీషులోకి రావాలి అన్నది దాని క్రమం.

ఆ పుస్తకాలు వచ్చాయి గానీ, వాటిని ఎలా చదివించాలో తెలిసిన ఉపాధ్యాయులను వరుసగా తయారుచేసే పని అంత గట్టిగా సాగలేదు. 2020 తరవాత వచ్చిన పాఠ్యపుస్తకాలు చూడండి. ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో ఇంకో భాష. ఒకటి ఇంగ్లీషు, ఒకటి తెలుగు. పిల్లలకు తేలికవుతుందని అలా వేశారు. తెలుగు పిల్లవాడికి తేలికే. కోందుల పిల్లకు మాత్రం తన మాట ఆ పేజీలోనూ లేదు, ఈ పేజీలోనూ లేదు.

పలకడం వేరు, చదవడం వేరు

మూడో తరగతి పిల్లవాడిని లేపి పాఠం చదవమంటాం. గుక్క తిప్పుకోకుండా చదువుతాడు. ఒత్తులు తప్పవు, దీర్ఘాలు తప్పవు. ధారాళంగా చదువుతున్నాడని రిజిస్టరులో రాసుకుంటాం. అప్పుడు, “ఒరే, ఇందులో ఏం జరిగిందిరా?” అని అడిగితే వాడు మన మొహం చూసి, మళ్ళీ మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెడతాడు. కొండమీది బడుల్లో పనిచేసిన వాళ్ళందరికీ ఈ పిల్లవాడు తెలుసు. వాడు మొద్దు కాదు. మనం అడిగింది పలకమని అనుకున్నాడు. పలికాడు.

దీన్ని మాటలతో చెబితే ఛాత్రోపాధ్యాయులు నమ్మరు. అందుకని వాళ్ళ ముందు మాట్లాడే అవకాశం వచ్చినప్పుడల్లా మేము ఒక పని చేస్తాం. కువి వాచకంలో ఒక పేజీ తీసి చేతిలో పెడతాం. లిపి తెలుగే కదా, చదవమంటాం. గాజువాక నుంచి వచ్చిన అమ్మాయి, అనకాపల్లి నుంచి వచ్చిన అబ్బాయి చక్కగా చదువుతారు. గది అంతా చప్పట్లు కొడుతుంది. తరవాత మేము పేజీ కింద ఉన్న ప్రశ్నలు అడుగుతాం. ఎవరికీ జవాబు రాదు. కొందరు నవ్వుతారు, కొందరు తల దించుకుంటారు, ఒకరిద్దరికి కోపం కూడా వస్తుంది. “ఇప్పుడు మిమ్మల్ని వెనకబడినవాళ్ళ జాబితాలో రాయమంటారా?” అని అడుగుతాం. ఆ తరవాత ఆ గదిలో పెద్దగా వివరించవలసిన పని ఉండదు. ఆ అయిదు నిమిషాలు వాళ్ళు అనుభవించింది మన పిల్లలు అయిదేళ్ళు అనుభవిస్తారు.

దీనివల్ల వచ్చే నష్టం మార్కులతో పోయేది కాదు. మన తాతల కాలంలో భూములు పోయింది కాగితాల మీద. చదవడం రాదు గనక వేలిముద్ర వేశారు. 1970లో వచ్చిన ఒకటి బై డెబ్బై చట్టం ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదని చెప్పింది గానీ, ఆ చట్టంలో ఏముందో చదివి చెప్పేవాళ్ళు ఊళ్ళో లేకపోతే అది కూడా కాగితమే. ఇవాళ మనవడు బడికి వెళ్ళాడు. సంతకం చేస్తాడు. అటవీ హక్కుల పట్టా వస్తే గడగడ చదువుతాడు. అందులో ఎంత భూమి రాశారు, హద్దులు ఏమిటి, ఏ షరతు పెట్టారు అని అడిగితే చెప్పలేడు. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది, మోసపోవడం మాత్రం పోలేదు.

విశాఖపట్నం దిగి వచ్చే మనవాళ్ళను చూడండి. జబ్బు ముదిరితే కేజీహెచ్‌కి పంపుతారు. అక్కడ ఏ వార్డుకు వెళ్ళాలో, మందు ఎన్ని పూటలు వేయాలో చీటీ మీద ఉంటుంది. పోర్టులోనో, ఉక్కునగరం చుట్టుపక్కలో కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరితే కూలి లెక్క కాగితం మీద ఉంటుంది. ఈ కాగితాలు ఎవరూ గట్టిగా పలకమని అడగరు. అర్థం చేసుకుని, అవసరమైతే ఎదురు అడగగలిగినవాడికే అవి పనికొస్తాయి. బడిలో ప్రశ్నించని చదువు చదివినవాడు ఇక్కడ ప్రశ్నించడు. అందుకే, పలకడం చదవడం కాదు అన్నది మాకు భాషా పండితుల తేడా కాదు, బతుకు తేడా.

తల్లిదండ్రుల ప్రశ్న

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. దాన్ని దాటవేయకూడదు. ఎందుకంటే అడిగేది మన సొంత మనుషులు. “మా భాష మా ఇంట్లో ఉంది కదా మాస్టారూ, అది మేమే నేర్పుకుంటాం. మీరు తెలుగు, ఇంగ్లీషు నేర్పండి. మా పిల్లడు కొండమీదే ఉండిపోవాలా?” అంటారు. ఇందులో న్యాయం ఉంది. మన భాష మీద ప్రేమ అని చెప్పి మన పిల్లలను ఉద్యోగాల దారిలోంచి తప్పించే మాటలు ఎవరు చెప్పినా అనుమానించవలసిందే. తమ పిల్లలను ఇంగ్లీషు బడిలో వేసి, మన పిల్లలకు మాత్రం మాతృభాష మహత్యం చెప్పేవాళ్ళు ఉన్నారు.

ఆ తండ్రికి మేము చెప్పే జవాబు ఇది. చదవడం అనేది మనిషి ఒక్కసారే నేర్చుకుంటాడు. గుర్తుల వెనక అర్థం ఉంటుంది, దాన్ని నేను వెతికి పట్టుకోగలను అన్న సంగతి ఒక భాషలో తెలిసిపోతే, రెండో భాషలో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోనక్కరలేదు. రెండో భాషకి కావలసింది కొత్త మాటలు, కొత్త అక్షరాలు. ఆ ఒక్కసారి నేర్చుకోవడం ఏ భాషలో తేలిక? మాటలు ముందే తెలిసిన భాషలో. ఆదివాసీ ఒరియా మాట్లాడే పిల్లకు ‘ప’ నేర్పాలంటే పలక బొమ్మ, పనస బొమ్మ వెతకనక్కరలేదు. ‘పాని’ అంటే చాలు. ఆ మాట పొద్దున లేచింది మొదలు ఆ పిల్ల నోట్లో ఉంది. ‘ప’కు దీర్ఘం పెడితే ‘పా’, ‘న’కు గుడి పెడితే ‘ని’, చదివింది, దాహం తీరే మాట కనబడింది. రేపు అదే బొమ్మ పక్కన ‘నీళ్ళు’ అని రాయవచ్చు, ఎల్లుండి ‘వాటర్’ అని రాయవచ్చు. ఈ పద్ధతి తెలుగును ఆపదు. తెలుగుకు మెట్టు వేస్తుంది.

ఇది మనం కొత్తగా కనిపెట్టింది కాదు. 1953లోనే యునెస్కో నివేదిక పిల్లలకు మొదట మాతృభాషలో బోధించడమే మంచిదని చెప్పింది. న్యూజిలాండ్‌లో మావోరీ ఆదివాసుల పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ అనే టీచరు తన అనుభవాలను 1963లో పుస్తకంగా వేసింది. ఆమె పొద్దున్నే ఒక్కో పిల్లను పిలిచి, “ఇవాళ నీకు ఏ మాట కావాలి?” అని అడిగేది. వాళ్ళు చెప్పిన మాటను అట్టముక్క మీద రాసి ఇచ్చేది. పిల్లలు అడిగిన మాటలు వాచకంలో ఉండేవి కావు. వాళ్ళ భయాలు, ప్రేమలు ఆ మాటల్లో ఉండేవి. తను కోరుకున్న మాటను పిల్ల మరచిపోదు. ఇది చేయడానికి ఏ జీవో అక్కరలేదు, పాత క్యాలెండరు అట్టలు చాలు.

ఎవరు చెప్పాలి?

2000 జనవరి 10న వచ్చిన జీవో నంబరు 3 మన చదువుల చరిత్రలో పెద్ద మలుపు. షెడ్యూల్డు ప్రాంతాల్లోని బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని అది చెప్పింది. మనలో చాలామంది ఉపాధ్యాయులైంది దానివల్లే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ పోరాటం ఆగలేదు, ఆగకూడదు. ఆ బడుల్లో మనవాళ్ళు ఉండాలన్న దానిలో మాకు రెండో మాట లేదు.

అయితే మనలో మనం ఒక మాట అనుకోవాలి. ఆదివాసీ టీచరు అయినంతమాత్రాన ఆ పిల్ల భాష వస్తుందని లేదు. విశాఖ ఏజెన్సీలోనే బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోందులు, పోర్జాలు, గదబలు, కోటియాలు ఉన్నారు. తెలుగే ఇంటి భాషగా పెరిగిన ఆదివాసీ యువకుడు కువి మాట్లాడే ఊరికి టీచరుగా వెళితే, ఆ పిల్లల ముందు అతనూ బయటివాడే. కుల ధ్రువీకరణ పత్రం ఉద్యోగం ఇస్తుంది, భాష ఇవ్వదు. భాష ఆ ఊళ్ళో కూర్చుని నేర్చుకోవాలి, గిడుగు వారు నేర్చుకున్నట్టు.

ఇది ఏజెన్సీ సమస్య మాత్రమే కూడా కాదు. విశాఖపట్నం పోర్టు 1933లో మొదలైంది, ఉక్కు ఫ్యాక్టరీ 1992లో జాతికి అంకితమైంది. ఈ రెండూ ఎక్కడెక్కడి మనుషులనో ఈ ఊరికి రప్పించాయి. పారిశ్రామిక వాడల బడుల్లో ఒడియా, హిందీ మాట్లాడే కూలీల పిల్లలు మన ఛాత్రోపాధ్యాయులకు కనిపిస్తారు. జాలారిపేట పిల్లలది తెలుగే అయినా, వలలూ చేపలూ గాలివాటూ నిండిన ఆ తెలుగు పాఠ్యపుస్తకంలో తక్కువ. కనుక పిల్లల ఇంటి భాషను గౌరవించి చదివించడం అనే విద్య ప్రతి ఛాత్రోపాధ్యాయుడికీ కావాలి. కొండమీదికి బదిలీ అయినవాళ్ళకు మాత్రమే కాదు.

బాలసాహిత్యం బిట్లు కాదు

డీఎస్సీకి చదివేవాళ్ళను బాలసాహిత్యం గురించి అడగండి. ‘బాల’ పత్రిక 1945లో వచ్చింది, నడిపింది న్యాయపతి రాఘవరావు గారు. ‘చందమామ’ 1947 జూలైలో వచ్చింది. గడగడ చెబుతారు. ఏ రచన ఎవరిది, ఏ బిరుదు ఎవరిది, అన్నీ నోటికి వచ్చు. “వాటిలో ఒక కథ చెప్పు” అంటే మాత్రం నోరు పెగలదు. తప్పు వాళ్ళది కాదు. పరీక్ష అడిగేది బిట్లు, కోచింగ్ సెంటరు నేర్పేది బిట్లు. ఇందాకటి మూడో తరగతి పిల్లవాడు పెరిగి పెద్దవాడై ఇలా కూర్చున్నాడు. అప్పుడు అర్థం లేకుండా వాక్యాలు పలికాడు, ఇప్పుడు కథలు లేకుండా పేర్లు పలుకుతున్నాడు. తన కోసం ఒక్క పుస్తకం కూడా ఇష్టంగా చదవని మనిషి, పుస్తకంలో ఏదో ఉందని పిల్లలను ఎలా నమ్మిస్తాడు? ఈత రానివాడు గట్టుమీద నిలబడి ఈత నేర్పినట్టు ఉంటుంది.

ఇంకో సంగతి, ఏ పుస్తకాలు అన్నది. తెలుగులో పిల్లల కథలు ఎక్కువగా మైదానం నుంచి వచ్చాయి. వాటిలో అడవి అంటే రాజకుమారుడు దారి తప్పే చోటు, రాక్షసుడు కాపలా కాసే చోటు, మునులు తపస్సు చేసుకునే చోటు. కోయదొర వస్తే జోస్యం చెప్పడానికే వస్తాడు. మన పిల్లలకు అడవి అంటే చింతపండు, అడ్డాకులు, అమ్మ పట్టుకొచ్చే దుంపలు, నాన్న వెళ్ళే దారి. వాళ్ళ ఇంటిని పుస్తకం భయంగా చూపిస్తే, వాళ్ళు పుస్తకాన్ని నమ్మాలా, ఇంటిని నమ్మాలా?

అమెరికాలో నల్లజాతి పిల్లల పుస్తకాల గురించి రుడీన్ సిమ్స్ బిషప్ అనే అధ్యాపకురాలు 1990లో ఒక మాట చెప్పింది. పిల్లలకు పుస్తకాలు కిటికీలుగానూ ఉండాలి, అద్దాలుగానూ ఉండాలి అని. కిటికీలోంచి ఇతరుల బతుకు కనిపిస్తుంది, అద్దంలో తన బతుకు కనిపిస్తుంది. మన పిల్లలకు కిటికీలు ఉన్నాయి, అద్దం లేదు. విశాఖ నగరంలోని పిల్లలకు అద్దాలు ఉన్నాయి, మనవైపు కిటికీ లేదు. అందుకని రాజుల కథలు తీసేయమని మేము అనడం లేదు. అవీ చదవాలి, జపాన్ టీచరు కథ ‘రైలుబడి’ కూడా చదవాలి. వాటి పక్కన కువి కథ, సవర కథ, కోయ కథ ఉండాలి. ఆ కథలు గాజువాక బడిలో తెలుగులో చదివించాలి. అరకు కొండను సెలవుల్లో చూసి పోయే పిల్లలు, ఆ కొండమీద మనుషులు ఏం కథలు చెప్పుకుంటారో తెలుసుకోవాలి.

తెలుగుకు ఒక గొప్ప వసతి ఉంది. ఇంగ్లీషులో ఒక్క మాటే ఉన్నచోట మనకు రెండున్నాయి, మేము అని, మనం అని. ‘మేము’ అంటే వినేవాళ్ళు బయట ఉంటారు, ‘మనం’ అంటే లోపల ఉంటారు. పాఠ్యపుస్తకం ఎప్పుడూ ‘మనం’ అనే మాట్లాడుతుంది. మన పండుగలు, మన తిండి, మన ఇల్లు. ఆ పేజీలో ఇటుకల పండుగ లేదు, కొత్తల పండుగ లేదు, సామల అంబలి లేదు. అది చదివిన మన పిల్లకు ‘మనం’ అన్న మాట ‘మేము’లాగా వినిపిస్తుంది. ఎవరో తలుపు దగ్గర నిలబెట్టి లోపలి సంగతులు చెబుతున్నట్టు ఉంటుంది. మంచి బాలసాహిత్యం చేసే పని ఆ ‘మనం’ను నిజం చేయడమే.

మన కథలను పుస్తకంలోకి తెచ్చేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. కొత్తవలస - కిరండూల్ లైను మీద గూడ్సు బళ్ళు బైలదిల్లా కొండల ఇనుప రాయిని అరకు మీదుగా విశాఖకు దించుతాయి. కొంత ఓడ ఎక్కుతుంది, కొంత ఉక్కు అవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు రేకు మీద ఆ కొండ పేరు ఉండదు. కథలకు కూడా ఇలా జరుగుతోంది. ఊళ్ళో ఒక ముసలమ్మ చెబుతుంది, ఎవరో రాసుకుంటారు, ఇంకెవరో దిద్దుతారు, పుస్తకమై వచ్చేసరికి ముసలమ్మ పేరు లేదు, ఊరి పేరు లేదు, చివర ‘నీతి’ అని ఒక వాక్యం మాత్రం కొత్తగా అతికి ఉంటుంది. మన పెద్దవాళ్ళు కథ చెప్పి ఊరుకుంటారు. పిల్లలు దాన్ని మనసులో వేసుకుని పడుకుంటారు. ఏమనుకోవాలో వాళ్ళకే వదిలేస్తారు. “ఈ కథలోని నీతి ఏమిటి?” అన్న ప్రశ్న వేయగానే కథ అయిపోయి పరీక్ష మొదలవుతుంది. దానికి బదులు, “నువ్వయితే ఏం చేసేదానివి?” అని అడగవచ్చు. లేదా ఏమీ అడగకుండా ఇంకోసారి చెప్పవచ్చు.

అలాగే అన్ని పాటలూ, అన్ని కథలూ అచ్చులోకి రావాలని లేదు. పండుగ పూట మాత్రమే పాడేవి ఉంటాయి, పూజారి మాత్రమే చెప్పేవి ఉంటాయి. ఊరు ఇవ్వనన్నది అడగకూడదు. ఇది కూడా కాబోయే టీచరుకు నేర్పవలసిన పాఠమే.

శిక్షణలో ఏం చేయవచ్చు?

సిలబస్ మారే దాకా ఆగనక్కరలేదు. రెండేళ్ళ శిక్షణలో నాలుగు పనులు చేయవచ్చు. ఒకటి, ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ పిల్లల పుస్తకాలు చదవాలి, లెక్కకు కాదు, ఇష్టంగా. వాటిలో ఒక్క కథనైనా కాగితం చూడకుండా పిల్లల ముందు చెప్పగలగాలి. మార్కులు దానికి వేయాలి.

రెండు, బోధనాభ్యాసానికి వెళ్ళే ముందు ఆ ఊరి భాషలో వంద మాటలు నేర్చుకోవాలి. గురువు ఆ ఊరి పిల్లలే కావాలి. మన ఉచ్చారణకు పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వాలి. టీచరును సరిదిద్దిన పిల్ల మర్నాడు బడికి ముందుగా వస్తుంది. తనకు తెలిసింది కూడా విద్యేనని ఆ పిల్లకు ఎవరూ ఉపన్యాసం చెప్పకుండానే తెలిసిపోతుంది.

మూడు, పాఠ్య పథకంలో ‘ఆదర్శ పఠనం’, ‘ప్రకాశ పఠనం’ అని రాసే చోట ఇంకొక గడి గీసుకోవాలి. చదివినదాని గురించి పిల్లలు ఏం మాట్లాడారు? ఏ భాషలో మాట్లాడినా రాయాలి. కువిలో చెప్పిన జవాబు తప్పు జవాబు కాదు. అర్థమైందని చెప్పడానికి అదే మంచి సాక్ష్యం. మనకు తెలియకపోతే పక్క పిల్లను అడిగి తెలుసుకోవాలి.

నాలుగు, శిక్షణ పూర్తయ్యేలోగా ఒక చిన్న పుస్తకం తయారుచేయాలి. ఎనిమిది పేజీలు చాలు. ఊళ్ళో విన్న కథ, పిల్లలు వేసిన బొమ్మలు, పైన ఆ ఊరి భాష, కింద తెలుగు. అట్ట మీద చెప్పినవారి పేరు, ఊరి పేరు ఉండాలి. ఆ పుస్తకాన్ని వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి చదివి వినిపించాలి. తప్పుంటే వాళ్ళు చెబుతారు, దిద్దుకోవాలి. ఒక్కో బృందం ఇలా చేసుకుంటూ పోతే పదేళ్ళలో ప్రతి ఊరికీ ఒక చిన్న గ్రంథాలయం తయారవుతుంది.

ఇవన్నీ అదనపు పనులు అనేవాళ్ళు ఉంటారు. రోజుకో యాప్, వారానికో నివేదిక ఉన్న ఉద్యోగంలో సమయం ఎక్కడిది అంటారు. ఆ ఒత్తిడి మాకు తెలియనిది కాదు. కానీ అసలు పని ఏదో, అదనపు పని ఏదో మనం తేల్చుకోవాలి. పిల్లకు అక్షరం చూపించిన రోజు మనం ఒక మాట ఇస్తున్నాం. “ఇందులో నీకోసం ఏదో ఉంది, వెతుకు, దొరుకుతుంది” అని. ఆ పిల్ల మనల్ని నమ్మి వెతుకుతుంది. ఏడాది వెతికినా ఏమీ దొరక్కపోతే, పుస్తకం అబద్ధమని అనుకోదు. తనకే తెలివి లేదనుకుంటుంది. బడి మానేసిన మన పిల్లల్లో చాలామంది ఆ నమ్మకంతోనే మానేశారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం అదనపు పని ఎలా అవుతుంది?

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, రేపు మీకు పోస్టింగు వస్తుంది. బస్సు దిగి, ఇంకా నడిచి, ఒక గది బడికి చేరతారు. సంచిలో చార్టులు, సుద్దముక్కలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు ఖాళీ నోటు పుస్తకం ఒకటి పెట్టుకోండి. మొదటి రోజు మీరు రాయించే ముందు, పిల్లలు చెప్పింది మీరు అందులో రాసుకోండి. మర్నాడు అదే నల్లబల్ల మీద రాసి, వాళ్ళ చేత చదివించండి.